ఉక్త్యారంభకాలు: మాట మొదట్లో వచ్చే మాటలు

‘రేపు సెలవు’ అన్నది పూర్తి వాక్యమే. కాని తెలుగు మాట్లాడేవాళ్లు దీన్ని ఇంత పొడిగా అనడం తక్కువ. ‘అన్నట్టు, రేపు సెలవు’ అంటారు. ‘అయితే రేపు సెలవు’ అంటారు. ‘అది కాదండీ, రేపు సెలవు’ అంటారు. ‘ఇదిగో, రేపు సెలవు’ అని హెచ్చరిస్తారు. నాలుగింటిలోనూ చెప్పిన సంగతి ఒక్కటే. రేపు సెలవైతే నాలుగూ నిజం, కాకపోతే నాలుగూ అబద్ధం. అయినా ఒకదాని చోట ఇంకొకటి పెడితే వినేవాడు తికమకపడతాడు. ‘అన్నట్టు’ అంటే ఆ సంగతి ఇప్పుడే గుర్తుకొచ్చిందని. ‘అయితే’ అంటే ఎదుటివాడి మాటనుబట్టి తేల్చుకున్నానని. ‘అది కాదండీ’ అంటే మీరనుకుంటున్నది సరిగా లేదు, నొచ్చుకోకండి అని. ‘ఇదిగో’ అంటే ఇటు చూడమని. ఇవేవీ సెలవును గురించిన మాటలు కావు. రాబోయే మాటకు ముందు జరిగినదానితో ఏం సంబంధమో, అది ఎవరికోసమో చెప్పే మాటలు.

ఇలాంటి మాటలను భాషాశాస్త్రం చాలాకాలం పెద్దగా పట్టించుకోలేదు. వ్రాతలో ఇవి తక్కువ కనిపిస్తాయి, వ్యాకరణమేమో వ్రాతను చూసి పుట్టింది. అమెరికన్ భాషావేత్త చార్లెస్ ఫ్రీస్ రికార్డు చేసిన టెలిఫోను సంభాషణల ఆధారంగా ‘ది స్ట్రక్చర్ ఆఫ్ ఇంగ్లీష్’ అనే పుస్తకం 1952లో ప్రకటించాడు. మాట అందుకునేటప్పుడు ఇంగ్లీషువాళ్లు అనే ‘వెల్, ఓ, నౌ, వై’ అనేవాటిని అందులో ఒక గుంపుగాను, ఎదుటివాణ్ణి తమవైపు తిప్పుకునే ‘లుక్, సే, లిజన్’ అనేవాటిని మరో గుంపుగాను విడదీశాడు. వాటికి పేర్లు కూడా పెట్టలేదు, ఇంగ్లీషు అక్షరాలతో గుర్తులు వేసి ఊరుకున్నాడు. తరవాత 1987లో డెబొరా షిఫ్రిన్ ‘డిస్కోర్స్ మార్కర్స్’ అనే పుస్తకంలో పదకొండు ఇంగ్లీషు మాటలను వివరంగా పరిశీలించింది. అప్పటినుంచి ఆ పేరే స్థిరపడింది.

డిస్కోర్స్ మార్కర్‌ను తెలుగులో ‘ప్రసంగ సూచకం’ అనవచ్చు. అయితే అది కొంచెం వెడల్పయిన పేరు. మాట నడుమ వచ్చేవీ, చివర వచ్చేవీ కూడా అందులో చేరతాయి. మనకిక్కడ మొదట్లో వచ్చేవాటితోనే పని కాబట్టి ఈ వ్యాసంలో ‘ఉక్త్యారంభకం’ అంటున్నాను. ఒకరు నోరు తెరిచింది మొదలు మళ్లీ ఊరుకునేదాకా అన్నదంతా ఉక్తి. అది సగం వాక్యం కావచ్చు, పది వాక్యాలు కావచ్చు. వాక్యాన్ని వ్యాకరణం కొలుస్తుంది, ఉక్తిని ఎదుటి మనిషి కొలుస్తాడు.

పేరు కొత్తదైనా విషయం మనవాళ్లకు కొత్త కాదు. బ్రహ్మసూత్రాలూ యోగసూత్రాలూ రెండూ ‘అథ’ అనే మాటతోనే మొదలవుతాయి. ఆ ఒక్క మాట మీద భాష్యకారులు చేసిన చర్చ చూడండి. బ్రహ్మసూత్రాల మొదట ఉన్న ‘అథ’కు ‘ఆ తరవాత’ అనే అర్థమే చెప్పాలని, ‘ఇక ప్రారంభిస్తున్నాం’ అని కాదని శంకరుడు వాదించాడు. ఆ తరవాత అంటే దేని తరవాత అన్నది అక్కడ అసలు ప్రశ్న. యోగసూత్రాల మొదట ఉన్న అదే మాటకు ‘ప్రారంభిస్తున్నాం’ అనే అర్థాన్నే వ్యాసభాష్యం చెప్పింది. ముందు జరిగినదానికి ముడివేయడమా, కొత్తదాన్ని తెరవడమా? మన ‘మరి’ మీదా ‘అయితే’ మీదా ఇప్పుడు అడిగేది కూడా ఈ ప్రశ్నే.

తెలుగు వ్యాకరణాలు మాత్రం వీటిలో ఒక్క మూలను పట్టుకున్నాయి. సంబోధనా ప్రథమావిభక్తి అంటూ బడిలో ‘ఓ, ఓయి, ఓరి, ఓసి’ చదివే ఉంటారు. ‘ఓ’ ఇప్పుడు ప్రార్థనల్లోనూ పద్యాల్లోనూ మిగిలింది. ‘ఓరి’ ‘ఒరేయ్’గా, ‘ఓసి’ ‘ఒసేయ్’గా, ‘ఓయి’ ‘ఏమోయ్’ చివర తోకగా ఇంకా బతికే ఉన్నాయి. మిగతావన్నీ అవ్యయాల గంపలో పడ్డాయి, లేదా అసలు లెక్కకే రాలేదు. అవ్యయం అన్నది రూపాన్నిబట్టి వచ్చిన పేరు, విభక్తి చేరి మారనిది అవ్యయం. ఉక్త్యారంభకం అన్నది చేసే పనినిబట్టి వచ్చిన పేరు. ‘అయితే’ రూపంలో క్రియ, ‘ఇంతకీ’ రూపంలో చతుర్థీ విభక్తి చేరిన మాట, ‘చూడండి’ విధ్యర్థకం. పనిలో మూడూ ఒక వరసవే. పరీక్షలో ఈ రెండు పేర్లనూ కలిపేసే విద్యార్థులు చాలామంది.

ఒక మాట ఉక్త్యారంభకమా కాదా అని ఎలా పోల్చుకోవాలి? తీసేసి చూడండి. ‘నువ్వు అన్నట్టు చేశాను’ అనేదాంట్లో ‘అన్నట్టు’ తీసేస్తే వాక్యం కుంటుపడుతుంది. అక్కడ దానికి అసలు అర్థమే ఉంది. ‘అన్నట్టు, మీ తమ్ముడికి ఉద్యోగం వచ్చిందట’ అనేదాంట్లో తీసేస్తే సంగతి చెక్కుచెదరదు, వినడానికి మాత్రం ఉన్నట్టుండి ఊడిపడినట్టుంటుంది. రెండో పరీక్ష, దాన్ని కాదనగలరేమో చూడండి. తమ్ముడికి ఉద్యోగం రాలేదని వాదించవచ్చు. ‘అన్నట్టు కాదు’ అని ఎవరూ వాదించలేరు. ఎవరు అన్నట్టు అని అడిగినా జవాబుండదు, ఎందుకంటే ఎవరూ ఏమీ అనలేదు.

ఈ మాటలు ఎక్కడినుంచి వచ్చాయో చూస్తే ఒక సరదా విషయం బయటపడుతుంది. తెలుగు ఉక్త్యారంభకాల్లో పెద్ద భాగం రెండే రెండు ధాతువుల సంతానం. ‘అను’ నుంచి అన్నట్టు, అంటే, ఏమంటే, ఎందుకంటే, కథల మొదట్లో వచ్చే అనగనగా. ‘అగు’ నుంచి అయితే, అయినా, కాని, కాదు, కాబట్టి, కాగా. తక్కినవాటిలో చాలామటుకు వేలుపెట్టి చూపేవి: ఇదిగో, ఇంతకీ, అందుకే, అదే. ఆ తరవాత చూడు, విను, చెప్పు అనే క్రియలు. ఫోనెత్తగానే ‘చెప్పండి’ అంటాం కదా, అదీ ఈ జాబితాలోదే. ఫ్రీస్ ఇంగ్లీషులో ఒక గుంపుగా కట్టిన మూడు మాటలూ చూడటం, చెప్పడం, వినడమే కావడం గమనించండి. ఒకదానికొకటి చుట్టరికం లేని భాషలు కూడా ఇక్కడ ఒకే దారి తొక్కాయి.

అన్నింటినీ వివరించే చోటు ఇక్కడ లేదు. మూడు నాలుగింటిని మాత్రం దగ్గరగా చూద్దాం.

‘ఇంతకీ’, ‘అన్నట్టు’ జంటపదాల్లాంటివి, కాని ఎదురెదురు దిక్కులకు నడుస్తాయి. మాట పక్కదారి పట్టినప్పుడు అసలు దారికి లాక్కొచ్చేది ‘ఇంతకీ’. పెళ్లివారి మర్యాదలు, ఎండలు, బస్సుచార్జీలు అన్నీ అయ్యాక ‘ఇంతకీ మీరొచ్చిన పనేమిటో చెప్పనేలేదు’ అంటాం. అసలు దారిలో ఉన్న మాటను పక్కకు తిప్పేది ‘అన్నట్టు’. అందుకే ఇంటికొచ్చిన మనిషి గడపలో నిలబడి మొట్టమొదటి మాటగా ‘ఇంతకీ’ అనలేడు. అంటే ఇంట్లోవాళ్లు తామేదో మరిచిపోయామనుకుంటారు. ‘అన్నట్టు’తో కూడా మొదలుపెట్టలేడు, పక్కకు తిప్పడానికి ముందొక దారి ఉండాలి. ‘ఏమండీ’తో మాత్రం మొదలుపెట్టగలడు. అంటే వీటిలో మాటకు తలుపు తీసేవి కొన్ని, తెరిచిన తలుపులోనుంచి దారి చూపేవి కొన్ని.

తలుపు తీసే మాటలకు జవాబు కావాలి. ఇమాన్యుయెల్ షెగ్లోఫ్ 1968లో టెలిఫోను సంభాషణల ప్రారంభాల మీద రాసిన వ్యాసంలో ఈ సంగతి తేల్చాడు: పిలుపు వచ్చాక పలకడం తప్పనిసరి, పలికాక పిలిచినవాడు ఏదో ఒకటి చెప్పడమూ తప్పనిసరి. ‘ఒరేయ్’ అంటే ‘ఆఁ’ అనాలి. అన్నాక ఏమీ చెప్పేది లేకపోయినా ‘ఏం లేదు, ఊరికే పిలిచాను’ అని లేదన్న సంగతైనా చెప్పాలి. ‘ఏమండీ’ పుట్టుకలో ‘ఏమి’ అనే ప్రశ్నే, కాని దానికి ‘ఫలానా’ అని ఎవరూ బదులు చెప్పరు, ‘ఏమిటి’ అని ఎదురడుగుతారు. ప్రశ్న పిలుపుగా మారింది.

‘మరి’ సంగతి వేరు. ఇది తెరవడానికీ మూయడానికీ కూడా వస్తుంది. ‘మరి మీ అక్కయ్యో?’ అంటే మాట కొత్త మనిషి మీదికి జరిగింది. ‘మరి, నేను వెళ్లొస్తాను’ అంటే మాట ముగియబోతున్నది. ఫోను ఎవరూ టక్కున పెట్టేయరు. ముందు ‘సరే మరి’ అంటారు, అవతలివాళ్లు కూడా ‘సరే’ అంటారు, అప్పటికి గాని ‘ఉంటాను’ రాదు. షెగ్లోఫూ హార్వీ శాక్సూ కలిసి 1973లో సంభాషణ ముగింపుల మీద రాసిన వ్యాసంలో ఇంగ్లీషు ‘వెల్’, ‘ఓకే’ల గురించి చెప్పినది దాదాపు ఇదే. ‘సరే మరి’ అనకుండా ఫోను పెట్టేసినవాడికి కోపమొచ్చిందనుకుంటాం, అతను అన్న మాటల్లో కోపమేమీ లేకపోయినా.

‘అబ్బే’ను కూడా వదలకూడదు. ‘లేదు’ అన్నదానికీ ‘అబ్బే, అదేం లేదండీ’ అన్నదానికీ ఉన్న తేడా నిఘంటువులో దొరకదు. మొదటిది కాదనడం. రెండోది ఎదుటివాళ్ల అనుమానాన్ని చేత్తో తీసేసినట్టు. భోజనానికి లెమ్మన్నప్పుడు ‘లేదు’ అని ఊరుకునే అతిథికీ ‘అబ్బే, ఇప్పుడే తినొచ్చాను’ అనే అతిథికీ జరిగే మర్యాద ఒకటి కాదు.

తెలుగు రాష్ట్రాలకు బయట పెరిగిన విద్యార్థికి ఈ విషయం అందరికంటే ఎక్కువ తగులుతుంది. పాఠ్యపుస్తకం తెలుగులో ఉక్త్యారంభకాలు దాదాపు ఉండవు. పుస్తకంతోనే తెలుగు నేర్చినవాళ్లు హైదరాబాదులోనో విజయవాడలోనో దుకాణం ముందు నిలబడి ‘పాలు ఉన్నాయా?’ అంటే వ్యాకరణం నిక్షేపంగా ఉంటుంది, మనిషి మాత్రం దురుసుగా వినిపిస్తాడు. ముందు ‘ఏమండీ’ అనో, ‘బాబూ’ అనో, ‘అన్నా’ అనో ఉండాలి. ఇంట్లో తెలుగు విని పెరిగినవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. వాళ్ల ఇబ్బంది మరొకటి. వాళ్లింటి ఉక్త్యారంభకాల్లో పక్కభాషవి కొన్ని ఉంటాయి, వాటిని ఎవరో ఒకరు వెక్కిరిస్తారు.

తమిళనాట ‘అప్పురం’ అని మాట అందుకోవడం, కర్ణాటకలో ‘మత్తె’ అనడం, షోలాపూరు వైపు మరాఠీ ‘బరం’, బరంపురం వైపు ఒడియా ‘హఉ’ తెలుగు వాక్యాల ముందు వచ్చి కూర్చోవడం ఆ ప్రాంతాలవాళ్లకు వింతగా తోచవు. యానాం సంగతి వేరు. చుట్టూ ఆంధ్రప్రదేశే, మాట్లాడేది గోదావరి తెలుగే కాబట్టి అక్కడ ఈ రకం కలయికకు అవకాశం తక్కువ. కలయిక జరిగిన చోట భాష చెడిందనడం తొందరపాటు. వాక్యంలోని నామాలూ క్రియలూ విభక్తులూ తెలుగువే అయివుండి, మొదటి మాట ఒక్కటే పక్కభాషదైతే, అది రెండు భాషల మనుషుల్లో ప్రపంచమంతటా కనిపించే తీరు. జోసెఫ్ సామన్స్ 1990లో అమెరికాలో స్థిరపడిన జర్మన్ కుటుంబాల మాండలికాలను పరిశీలించి, జర్మన్ వాక్యాల్లో ఇంగ్లీషు ప్రసంగ సూచకాలు ఎలా చోటు చేసుకున్నాయో చూపాడు. మాయన్ భాషల్లోకి స్పానిష్ నుంచి ఇలాంటి మాటలే రావడాన్ని జిల్ బ్రోడీ 1987లో వివరించింది. కారణం ఏమిటన్నదానికి యారోన్ మాట్రస్ 1998లో ఒక సమాధానం ఇచ్చాడు. సంభాషణను నడిపే ఈ మాటలు ఆలోచించి ఎంచుకునేవి కావు, చేతి కదలికలాగా అసంకల్పితంగా వచ్చేవి. రెండు భాషల మనిషికి ఇక్కడ రెండు జతలను విడివిడిగా అట్టేపెట్టుకోవడం బరువు. అందుకని తన పరిసరాల్లో పెత్తనం చేసే భాష జతనే రెండింటికీ వాడేసుకుంటాడు.

ఈ వివరణ నాకు చాలామటుకు ఒప్పుదల. అంతా దానితోనే తేలుతుందని మాత్రం అనుకోను. ‘అసలు’ చూడండి. అరబ్బీనుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట. దాన్ని తెలుగు కాదనేవాడు ఇవాళ ఎవరూ లేడు, ఉర్దూ ముక్క రానివాడు కూడా ‘అసలు నీకెవరు చెప్పారు?’ అంటాడు. హైదరాబాదు కుర్రవాళ్లు ఇప్పుడు ‘సో’, ‘యాక్చువల్లీ’ లేకుండా నోరు విప్పరు. ‘సో, అందుకని’ అని రెంటినీ పక్కపక్కనే పెట్టేవాళ్లూ ఉన్నారు. నడిగడ్డ మీద ఉన్నవాళ్లు ‘సో’ అంటే నాగరికత, సరిహద్దు అవతలివాళ్లు ‘అప్పురం’ అంటే అపభ్రంశం అనే తూకం నాకు అర్థం కాదు.

ఇంకో చిక్కుంది. పక్కభాషనుంచి వచ్చిందని మనమనుకున్నది వచ్చినదే కాకపోవచ్చు. ద్రావిడ భాషలు అక్కచెల్లెళ్లు కాబట్టి ఉక్త్యారంభకాల తయారీలో కూడా వాటికి పోలికలున్నాయి. తెలుగు ‘ఏమండీ’, కన్నడ ‘ఏన్రీ’, తమిళ ‘ఎన్నంగ’ మూడూ ‘ఏమి’ అనే ప్రశ్నకు మర్యాద చేర్చి కట్టినవే. మూడింటితోనూ భార్య భర్తను పిలవడం కద్దు. కన్నడంలో ‘అంద హాగె’ అంటే మాటకు మాట ‘అన్నట్టు’, పని కూడా అదే. రాయలసీమలో ‘ఏమప్పా’, కన్నడంలో ‘ఏనప్పా’, తమిళంలో ‘ఎన్నప్పా’. తెలంగాణలో ‘ఇదిగో’ను ‘ఇగో’ అంటారు, కన్నడంలోనూ ‘ఇగో’ ఉంది. షోలాపూరు తెలుగు చేనేత కుటుంబాల్లో చాలామంది తెలంగాణ నుంచి వెళ్లినవాళ్లు. అక్కడ ‘ఇగో’ వినబడగానే పక్కనున్న కన్నడం ఖాతాలో వేయకూడదు, అది వాళ్ల తాతలు మూటగట్టుకుపోయినదే కావచ్చు. ‘మత్తె’కు ‘మళ్లీ’ అనే అర్థం ఉంది, మాట మొదట్లో అది మన ‘మరి’ పని చేస్తుంది. బెంగుళూరు తెలుగువారెవరైనా ‘మళ్లీ, ఇంట్లో అందరూ కులాసానా?’ అన్నారనుకోండి. కన్నడానికి అనువాదమే అనిపిస్తుంది. కాని తెలంగాణలో ‘మల్ల’ను ‘మరి’ అర్థంలో వాడటం మామూలే.

అన్నిటికన్నా మోసం చేసేది ‘అవునూ’. తమిళంలో ‘ఆమా’ అంటే అవును. ఎవరూ ఏమీ అడగకపోయినా ‘ఆమా, నీ ఎప్ప వంద?’ అంటూ కొత్త విషయం ఎత్తుకోవడానికి కూడా ఆ మాట వస్తుంది. మదురై తెలుగింటి పిల్ల ‘అవునూ, నువ్వెప్పుడొచ్చావు?’ అంటే తమిళ వాసన అని చటుక్కున అనేయవచ్చు. కాని కోస్తా జిల్లాల్లో ఎప్పుడూ తమిళం వినని ఇళ్లలో కూడా ‘అవునూ, మీ అన్నయ్య ఏం చేస్తున్నాడు?’ అంటారు. ఒప్పుకోలు ‘అవును’ వేరు, ఎత్తుకోలు ‘అవునూ’ వేరు, తేడా ఆ చివరి దీర్ఘంలో ఉంది.

ఇళ్లలో పెద్దల మాటలు రికార్డు చేసి రాసే విద్యార్థులు ముఖ్యంగా పట్టించుకోవలసింది ఇక్కడే. రికార్డు బాగానే చేస్తారు. కాగితం మీద పెట్టేటప్పుడు శుభ్రం చేస్తారు. ‘ఆఁ, అప్పురం, అదే, ఏమంటే, అప్పుడు మావాళ్లు కొండదాటి వచ్చినారు’ అని అవ్వ చెబితే, ‘అప్పుడు మావాళ్లు కొండ దాటి వచ్చారు’ అని రాసుకొస్తారు. మాటకు ముందున్న నాలుగూ పోయాయి, ‘వచ్చినారు’ కూడా పోయింది. పరీక్షలో వ్యాసం రాసేటప్పుడు ‘అప్పురం’ కొట్టేస్తే అభ్యంతరం లేదు, వ్రాతకు దాని కట్టుబాట్లు దానికున్నాయి. వినినదాన్ని రాసేటప్పుడు కొట్టేస్తే మాత్రం ఆ ఇంట్లో రెండు భాషలు ఎక్కడ కలుసుకుంటున్నాయో చూపే మొదటి సాక్ష్యాన్ని మనమే చెరిపేసినట్టు. అమెరికా జర్మన్ల మాటలు శుభ్రం చేయకుండా ఉంచారు కాబట్టే సామన్స్ దగ్గర చెప్పడానికి ఏదైనా మిగిలింది. ఇవి ఒక తరానికీ మరో తరానికీ మారిపోయే మాటలు. అవ్వ ‘ఇంతకీ’ అనే చోట కోడలు ఏమంటున్నది, మనవరాలు ఏమంటున్నది అన్నది ఇప్పుడు రాసిపెట్టకపోతే తరవాత ఎవరినీ అడిగి తెలుసుకోలేం. అడిగితే ఎవరూ చెప్పలేరు కూడా. ‘మీరు మత్తె అంటారా?’ అని అడగండి, అననే అనమంటారు, ఆ తరవాతి మాటే ‘మత్తె’తో మొదలవుతుంది.

రాసే పద్ధతి కష్టమైనదేమీ కాదు. ఆరంభకం తరవాత కామా పెట్టండి. ఆగి పలికారో ఆగకుండా పలికారో కూడా గుర్తుంచండి, ఎందుకంటే ‘అయితే వస్తాను’, ‘అయితే, వస్తాను’ ఒకటి కావు. ఎవరు ఎవరితో అన్నారో పక్కన రాయండి, అత్తగారితో ‘ఇదిగో’ అనే కోడలు అరుదు. అరసున్న వచ్చే ‘ఆఁ’, ‘ఊఁ’లను వదలకండి. ఊఁ కొట్టేవాళ్లు లేకపోతే కథ చెప్పే అవ్వ మధ్యలోనే ఆపేస్తుంది. దీర్ఘాలను విన్నట్టే ఉంచండి. ‘అవునూ, మీ తాత ఫోటో చూశావా?’ అని ఆమె అంటే మీరు దీర్ఘం వదిలేసి ‘అవును’ అని రాశారనుకోండి, చదివేవాడికి ఆమె ఎవరి మాటకో తలూపుతున్నట్టు కనిపిస్తుంది. ఆమె ఎత్తుకున్నది కొత్త సంగతి.